ఏ బురదకు ఏ టైరు

(వానాకాలం రైడ్లు మొదలయ్యే ముందు హైదరాబాద్‌లో మౌంటెన్ బైకులు, అంటే కొండబాటల సైకిళ్లు తొక్కే మిత్రుల మధ్య చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, తిరిగి తిరిగి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చేతిలో టీ ఉన్నవాళ్లు కొంచెం చూసుకోండి. బల్ల మీద ఉన్న టైర్లు నావి కావు, సాయంత్రం షాపులో తిరిగి ఇచ్చేయాలి. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు "వానాకాలానికి ఏ టైరు కొనాలో ఒక్క ముక్కలో చెప్పేయండి చాలు" అన్నారు. నేను "ఏ బురదకి?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. "బురద అంటే బురదే కదండీ" అన్నారు. అక్కడే వస్తుంది చిక్కు.

మాది తాండూరు దగ్గర పల్లె. కంది పండే నల్లరేగడి. 2022లో మా కందికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పంటకు అంత పేరు తెచ్చిన నేలే ఒకసారి నా సైకిలును మింగేసింది. నాలుగేళ్ల కిందటి మాట. ఆగస్టులో ఊరికి పోతూ బైక్ కూడా వెంట తీసుకెళ్లాను. రాత్రంతా వాన పడి తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. పదింటికి ఎండ కూడా వచ్చింది. చేల మధ్య బండ్లబాట పైకి చూస్తే ఆరినట్టే ఉంది. దిగాను.

మొదటి పది గజాలు బాగానే పోయింది. తర్వాత టైరు లావెక్కడం మొదలుపెట్టింది. నిజంగానే లావెక్కింది. రొట్టె మీద రొట్టె పెట్టినట్టు మట్టి పొర మీద పొర. దారిలో పడి ఉన్న కంది పుల్లలు, ఎండుగడ్డి అందులో కలిసిపోయాయి. ఇటుకలు చేసేవాళ్లు మట్టిలో ఊక కలుపుతారు చూడండి, అలాగ. యాభై గజాలు పోయేసరికి ముందు చక్రం ఫోర్కులో బిగుసుకుపోయింది. దిగి పుల్లతో గీకాను. ఐదు గజాలు నడిచింది, మళ్లీ ఆగింది. మళ్లీ గీకాను. చివరికి భుజాన వేసుకున్నాను. పదమూడు కిలోల బైక్ ఎంతైందో తూచలేదు గానీ భుజం నాలుగు రోజులు నొప్పి పెట్టింది. నా బూట్లకీ అదే మట్టి, నేనూ రెండంగుళాలు పొడుగెక్కాను. పక్క చేలో పెద్దాయన ఒకాయన నిలబడి చూస్తున్నాడు. "ఏం బిడ్డా, బండి నిన్ను మోస్తదనుకుంటే నువ్వే బండిని మోస్తున్నవ్?" అన్నాడు.

ఇంతకీ అసలు విషయం చెప్పలేదు. ఆ రోజు నా బైక్‌కు ఉన్నది మామూలు టైరు కాదు. బురద కోసమనే ప్రత్యేకంగా, నెల జీతంలో మంచి ముక్క పెట్టి కొన్న, పొడుగాటి రబ్బరు ముళ్లుండే స్పైక్ టైరు. (నవ్వులు)

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ మాట అన్నవాడు రేగడిలో తిరిగి ఉండడు. తిరిగి ఉంటే కడిగితే పోతుందని అనుకునేవాడు కాదు.

రేగడిలో ఉన్న బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. పూర్తిగా ఎండినప్పుడు అంటుకోదు. నీళ్లు నిలిచి పలచగా జావలా ఉన్నప్పుడు కూడా అంతగా అంటుకోదు, జారుతుంది అంతే. ప్రాణం తీసేది మధ్యలో. వాన వెలిసి, నీళ్లు ఇంకి, పైన కొంచెం ఆరుతున్నప్పుడు. మనవాళ్లు సరిగ్గా అప్పుడే "వాన ఆగింది కదా, పదండి" అని బయలుదేరతారు. నేనూ అదే చేశాను.

మా నాయిన ఈ కథంతా విని నవ్వి, "పదును రాకముందే చేలోకి ఎవడు పోతడురా" అన్నాడు. వ్యవసాయం ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ మాట తెలుసు. అరక దున్నడానికి నేల సరిగ్గా అనువైన తేమకు రావడం పదును. మా నాయిన చేసే పరీక్ష ఇది. నాలుగు వేళ్ల లోతున మట్టి తీస్తాడు, గుప్పెట్లో గట్టిగా పిసికి ముద్ద చేస్తాడు, నడుము ఎత్తు నుంచి వదిలేస్తాడు. ముద్ద పొడిపొడిగా విడిపోతే పదును వచ్చినట్టు. వేలిముద్రలతో సహా అలాగే నిలిస్తే ఇంకా రాలేదు. నేను ఇప్పుడు కొత్త బాటకు పోతే బైక్ దించకముందే ఈ పని చేస్తాను. ముద్ద నిలిచింది, పైగా మట్టి నల్లగా ఉంది అంటే ఏ టైరూ పనిచేయదు. కంపెనీ పేరు అడగకండి. టీ తాగి ఇంటికి పోవడమే. ఎర్ర చెలక అయితే వాన పడ్డ మర్నాటికే దారికి వస్తుంది, రేగడికి ఇంకా రోజులు పడుతుంది.

సరే, నల్లమట్టి సంగతి వదిలేద్దాం. పోదగ్గ బురద గురించి మాట్లాడుకుందాం. నేను చూసుకునేది ఒక్కటే: ఈ బురదకు అడుగు ఉందా?

మీలో చాలామంది అనంతగిరి పోతారు కదా, వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టేచోటు. అక్కడ ఎర్ర మొరం, కింద గట్టి రాయి. పైన వానకి పలచటి బురద పొర. అంటే రెండు మూడు అంగుళాల్లోనే అడుగు తగులుతుంది. అరకు వైపు కాఫీ తోటల మధ్య బాటల్లో ఎర్రమట్టి, పైన తడిసిన ఆకులు, కింద చెట్ల వేళ్లు. చెరువు కింద పొలాల పక్కన బాటలో చూస్తే అడుగు ఎక్కడుందో దేవుడికే తెలియాలి. ఈ మూడూ బురదే. మూడింటికీ ఒకే టైరు చెప్పమంటే నేను చెప్పలేను.

ఇప్పుడు ఇటు చూడండి. ఇది పోయినేడు వినాయక చవితికి తెచ్చి మిగిలిన బంకమట్టి, నిన్న రాత్రి తడిపి పెట్టాను. ఈ టైరు చూడండి, మీలో సగం మంది బైకులకు కొన్నప్పుడు వచ్చేది ఇలాంటిదే. బొడిపెలు, అదే నాబ్స్, పొట్టిగా దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు. ఎండలో గట్టి నేల మీద ఇది పరుగే పరుగు. మట్టిలో ఒత్తుతున్నాను... తీశాను. చూశారా? బొడిపెల మధ్య సందులన్నీ పూడిపోయాయి. ఇది ఇప్పుడు గుండు చేయించుకున్న టైరు. మట్టి మీద మట్టి జారుతుంది అంతే.

ఇప్పుడు ఇది. బొడిపెలు ఎత్తుగా, దూరం దూరంగా ఉన్నాయి. ఒత్తాను, తీశాను. మట్టి పట్టింది, కాదనను. కానీ టైరును ఇలా కొంచెం వంచితే... అదిగో, ముద్ద ఊడి పడింది. నేల మీద తిరిగేటప్పుడు టైరు ప్రతి చుట్టులోనూ ఇలాగే వంగుతుంది, పైకి లేచినప్పుడు వేగానికి మట్టి విసిరేస్తుంది. దానికి వేగం కావాలి. దడుపు పుట్టి నడక వేగంతో దిగితే ఎంత మంచి టైరైనా మూసుకుపోతుంది.

ఇందులో కొత్త సంగతేమీ లేదు. ట్రాక్టర్ వెనక టైరు చూడండి. లావుపాటి కమ్మీల్లాంటి బొడిపెలు, మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు, మట్టి నిలవడానికి చోటే ఉండదు, చువ్వల మధ్య నుంచి జారిపోతుంది. అదే కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుందని పోలీసులు పట్టుకుంటారు. మన స్పైక్ టైరు కేజ్ వీల్‌కి చిన్న తమ్ముడు. మడిలో రాజు, రోడ్డు మీద శిక్ష.

అదే స్పైకులతో నేను తర్వాత అనంతగిరి వెళ్లాను. డబ్బులు పెట్టి కొన్నాం కదా, వాడాలి కదా. తడి రాయి మీద మలుపు తిరుగుతుంటే ముందు చక్రం కింద ఎవరో చాప లాగేసినట్టయింది. మోచెయ్యి మచ్చ ఇంకా ఉంది. కారణం తర్వాత అర్థమైంది. స్పైకు పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మెత్తటి మట్టిలో దిగబడి అడుగును పట్టుకోవడం దాని పని. దిగడానికి వీల్లేని రాయి మీద నాలుగు స్పైకుల మొనల మీద నిలబడతాం. అవి వేళ్లలా వంగుతాయి, రాయికి తగిలే రబ్బరు కొంచెమే. ఎత్తు చెప్పుల మీద తడి గచ్చు దాటినట్టు ఉంటుంది.

కొండ మీంచి కిందికి దిగే డౌన్‌హిల్ రేసుల్లో మెకానిక్కులు దీనికో ఉపాయం పట్టారు. మాక్సిస్ కంపెనీ వెట్ స్క్రీమ్ లాంటి పూర్తి స్పైక్ టైరు తెచ్చుకుని, కట్టర్ పట్టుకుని కూర్చుని ఒక్కో బొడిపె కొన కత్తిరించేవాళ్లు. సగం మట్టి, సగం రాయి ఉన్న బాటకు అలాగే కావాలి మరి. చివరికి కంపెనీలే అలాంటివి చేయడం మొదలుపెట్టాయి. మాక్సిస్ షార్టీ ఆ బాపతే, కత్తిరించిన స్పైక్ అనుకోండి. ష్వాల్బే మ్యాజిక్ మేరీ కూడా ఎత్తు బొడిపెలు, విడివిడిగా. కాంటినెంటల్‌లో హైడ్రోటల్ పూర్తి బురదకి, ఆర్గోటల్ మెత్తటి నేలకి. మన అనంతగిరికి, అరకుకి నా ఓటు ఈ మధ్యరకానికే. పూర్తి స్పైక్ మన దగ్గర ఏడాదిలో ఎన్ని రోజులు పనికొస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వెడల్పు మీద కొట్లాటలు చాలా జరుగుతాయి. నేను రెండు మాటల్లో ముగిస్తాను. అడుగు ఉన్న బురదలో సన్నటి టైరు కోసుకుంటూ పోయి అడుగును పట్టుకుంటుంది. యూరప్‌లో సైక్లోక్రాస్ అని చలికాలం బురదలో రేసులు పెడతారు, బెల్జియంలో అయితే అదొక జాతర. అక్కడ అంతర్జాతీయ రేసుల్లో టైరు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. మన టైర్లలో సగం కన్నా కొంచెం ఎక్కువ. దాంతోనే ఆ బురదలో పోతారు. ఇంకోటి, బురద బాగా ఉన్న రోజు ప్రతి అర చుట్టుకీ బైక్ మార్చేస్తారు. ఒకటి తొక్కుతుంటే ఇంకొకటి పక్కన మెకానిక్ నీళ్లతో కడుగుతుంటాడు. అంటే ప్రపంచంలో మేటి ఆటగాళ్లు కూడా టైరు మీదే భారం వేయలేదు. మీకు కడిగేవాళ్లు లేరు కాబట్టి ఫ్రేముకీ టైరుకీ మధ్య ఎంత సందు ఉందో చూసుకోండి. 2.6 అంగుళాల టైరు బిగించి, పక్కన చిటికెన వేలు కూడా దూరకపోతే, అది ఎండాకాలం టైరు. వానకి 2.25, 2.3 దగ్గర ఆగండి.

రబ్బరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇది ఎవరూ చూడరు. ఈ రెండు టైర్లు అలా అందరికీ పంపండి, గోరుతో నొక్కి చూడండి. రెండో దాంట్లో గోరు దిగుతుంది. రబ్బరు గట్టిదనానికి ఒక కొలత ఉంది, షోర్ ఎ అంటారు. అంకె తగ్గేకొద్దీ మెత్తన. మాక్సిస్ వాళ్ల పాత టైర్ల మీద 60ఎ అనీ 42ఎ అనీ రాసి ఉండేది. 42 అంటే బాగా మెత్తన. ష్వాల్బే వాళ్లు రంగు గీతలు వేస్తారు. ఎరుపు వేగానికి, నీలం దాని తర్వాత, నారింజ మెత్తన, ఊదా మరీ మెత్తన. తడి రాయి, తడి వేరు మీద మిమ్మల్ని నిలబెట్టేది బొడిపె ఆకారం కన్నా ముందు ఈ మెత్తదనమే. రాయి గరుకులోకి రబ్బరు ఒదిగి కూర్చోవాలి. బొడిపెల మీద సన్నటి చీలికలు ఉంటే అవి విచ్చుకుని ఇంకాస్త పట్టు ఇస్తాయి.

అయితే యూరప్ వీడియోలు చూసి మరీ మెత్తటిది కొనకండి. వాళ్ల బురద చలికాలం బురద. చలికి రబ్బరు బిగుసుకుంటుంది, అందుకే అంత మెత్తటిది కావాలి వాళ్లకు. మన వాన వెచ్చటి వాన. ఆగస్టులో పాతిక డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. నారింజ గీత టైరు మన దగ్గర హాయిగా పనిచేస్తుంది. ఊదా గీతది ఇంటి నుంచి అనంతగిరి దాకా తారు రోడ్డు మీద తొక్కుకుంటూ పోయారంటే సీజన్ అయ్యేలోపు బొడిపెలు అరిగి కూర్చుంటాయి. కారులో వేసుకుపోయేవాళ్లు మీ ఇష్టం.

పాకుడు పట్టిన రాయి గురించి నన్ను అడగొద్దు. నా దగ్గర జవాబు లేదు. బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, ఊపిరి బిగబట్టి తిన్నగా దాటేయడమే.

ఇంక గాలి. ఇందులో పైసా ఖర్చు లేదు, కానీ నూటికి తొంభై మంది తప్పు చేసేది ఇక్కడే. పంక్చర్ షాపులో పిల్లాడు గాలి కొడతాడు, బొటనవేలితో నొక్కుతాడు, రాయిలా ఉంటే "అయిపోయింది సార్" అంటాడు. నలభై యాభై పీఎస్ఐ ఉంటుంది. దాంతో తడి వేరు మీదకు పోతే రబ్బరు బంతిలా ఎగిరి పడతారు. మనిషి డెబ్బై కిలోలుంటే, ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 25 దగ్గర మొదలుపెట్టండి. ట్యూబు ఉంటే ముందు 27, వెనక 30. రిమ్ము రాయికి తగిలి టంగుమంటే రెండు పెంచండి. టైరు మలుపులో నలిగినట్టు అనిపించినా పెంచండి. చేతిలో చిన్న గేజీ ఉంచుకోండి, వేలితో నొక్కి అంచనా కట్టొద్దు. నేను పదేళ్లుగా నొక్కుతున్నాను, ఇప్పటికీ ఐదారు తేడా వస్తుంది.

ట్యూబ్‌లెస్ ఎందుకంటే, గాలి తగ్గించి ట్యూబుతో పోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. పైగా మన బాటల పక్కన సర్కారు తుమ్మ. బురదలో ముల్లు కనపడదు. లోపల సీలెంట్ అనే జిగురు ద్రవం ఉంటే చిన్న చిల్లులు అవే పూడుకుంటాయి. మన ఎండకి అది త్వరగా ఎండిపోతుంది, వానాకాలం ముందు ఒకసారి విప్పి చూసి పోయించుకోండి. పోయినేడు నేను చూడలేదు. విప్పితే లోపల అప్పడం ముక్కలు ఉన్నాయి. (నవ్వులు)

ఎవరైనా 2011 డౌన్‌హిల్ వరల్డ్ చాంపియన్‌షిప్ వీడియో చూశారా? స్విట్జర్లాండ్‌లో షాంపేరీ. నిట్టనిలువు కొండ, వాన, వేళ్లు, బురద. డానీ హార్ట్ అనే 19 ఏళ్ల ఇంగ్లీషు కుర్రాడు దిగాడు. డౌన్‌హిల్‌లో గెలుపు ఓటములు సెకనులో ముక్కల మీద తేలతాయి. అతను రెండో స్థానంలో వచ్చినవాడి కన్నా 11 సెకన్లకు పైగా ముందున్నాడు. ఆ వీడియో చూసి నాకు ఫోన్ చేసి "ఆ రోజు ఏ టైరు వేశాడన్నా" అని అడిగినవాళ్లు ఉన్నారు. నేను వీడియోలో చక్రాలు చూడకండి, అతని బ్రేకులు చూడండి అంటాను. మనం భయపడి బిగించేచోట అతను వదిలేస్తాడు. తిరుగుతున్న చక్రానికి పట్టు ఉంటుంది, బిగుసుకున్న చక్రం జారుతుంది.

ఇప్పుడు ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(ముందు వరుసలోంచి: బురద అంటకుండా ఏదైనా పూయొచ్చా?)

పూయొచ్చమ్మా. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకుంటాం కదా, అదే పని. ఫ్రేము అడుగున, ఫోర్కు లోపలి వైపు వంటనూనె పలచగా తుడవండి. మట్టి అంటినా ముద్దగా ఊడివస్తుంది. డిస్క్ బ్రేకు దరిదాపులకు మాత్రం ఆ గుడ్డ పోనివ్వకండి. నూనె తగిలితే ప్యాడ్లు పారేయాల్సిందే.

(పొలం గట్ల మీద పోవచ్చా?)

వానలో వద్దు. గట్టు తెగితే మడిలో నీళ్లు పోతాయి, రైతు మళ్లీ పార పట్టుకుని దిగాలి. రెండోసారి ఆ దారిన మనల్ని పోనివ్వరు, పోనివ్వకూడదు కూడా.

(వెనక నుంచి: అన్నా, ఈ నెల ఒక్క టైరే కొనగలను. ముందుకా, వెనక్కా?)

ముందుకి. ఆలోచించకు. వెనక చక్రం జారితే తోక ఊపినట్టు ఊగుతుంది, సర్దుకుంటావు. ముందుది జారితే సర్దుకునే టైమే ఉండదు, నా మోచెయ్యిని అడుగు. మంచి మెత్తటిది, విడివిడి బొడిపెలది ముందు వెయ్యి. ఇప్పుడు ముందున్నది వెనక్కి పంపు. ఎక్కుడు దారిలో వెనక చక్రం కొంచెం గిర్రున తిరుగుతుంది, అప్పుడు దిగి తోసుకో, పరువేం పోదు. బిగించేటప్పుడు టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, అది చూసుకుని వెయ్యి. తిరగేసి వేసి నా దగ్గరకు వచ్చినవాళ్లు ఈ గదిలోనే ఇద్దరున్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు)

సరే, మాటలు చాలు. బయట చెట్టు కింద నా బైక్ పెట్టాను, పక్కన గేజీ ఉంది, పంపు ఉంది. మీ బైకులు ఒక్కొక్కటిగా తీసుకురండి, ఇప్పుడు ఎంత గాలి ఉందో కొలుద్దాం. నలభై దాటినవాళ్లు అందరికీ ఇంకో టీ ఇప్పించాలి.